రాడార్ డిటెక్టర్లు మోగేలా మనమే సిగ్నల్ పంపితే చట్టం ఒప్పుకుంటుందా? (అమెరికా)

నిద్రలేని_నాన్న
మా ఇంటి ముందు రోడ్డుకి 25 మైళ్ల లిమిట్. 45కి తగ్గేవాడు కనపడడు. మా చిన్నదానికి ఆరేళ్లు, ఇప్పుడే సైకిల్ నేర్చుకుంటోంది. పోయిన నెల ఒక కారు మా మెయిల్ బాక్స్‌ని గుద్దేసి ఆగకుండా వెళ్లిపోయింది. మెయిల్ బాక్స్ పోతే పోయింది. అంతకు ఐదు నిమిషాల ముందు పిల్ల సరిగ్గా అక్కడే నిలబడి ఉంది.

మొన్న ఫ్రెండ్ కారులో వెళ్తుంటే వాడి రాడార్ డిటెక్టర్ (దగ్గర్లో పోలీసుల స్పీడ్ రాడార్ ఉంటే మోగే పెట్టె) ఒక సూపర్ మార్కెట్ దగ్గర గట్టిగా అరిచింది. పోలీసులు ఎవరూ లేరు, ఆటోమేటిక్ తలుపుల సెన్సర్ అట. అయినా వాడి కాలు దానంతటదే బ్రేక్ మీదకి పోయింది. అప్పట్నుంచి ఒకటే ఆలోచన. పోలీసు రాడార్లు వాడే కె బ్యాండ్‌లో చిన్న ట్రాన్స్‌మిటర్ ఒకటి కంచె మీద పెట్టి రోడ్డు వైపు తిప్పితే? 24 గిగాహెర్ట్జ్ మాడ్యూళ్లు ఆన్‌లైన్‌లో ఊరికే దొరుకుతున్నాయి. నేను పోలీసు రాడార్‌ని జామ్ చెయ్యట్లేదు, ఎవరి ఫోనూ ఆపట్లేదు. స్పీడ్‌గా వచ్చేవాళ్ల డిటెక్టర్ ఒకసారి అరుస్తుంది, అంతే. ఇది నేరమా?

తిక్కశంకర్
నేరం ఏంటి బ్రో, పుణ్యం. పెట్టెయ్. ఎవడొచ్చి కొలుస్తాడు?

ఆంటెన్నా_అప్పారావు
ఎవరొచ్చి కొలుస్తారు అనే మాట మీద నమ్మకం పెట్టుకోకండి. దానికి మళ్లీ వస్తాను.

ముందు విషయం. డిటెక్టర్ అనేది రిసీవర్. దాన్ని వాడటానికి లైసెన్స్ అక్కర్లేదు, అలాగే దానికి చట్టం ఇచ్చే రక్షణా లేదు. 1934 కమ్యూనికేషన్స్ చట్టంలో సెక్షన్ 333 కావాలని అంతరాయం కలిగించడం గురించి చెప్తుంది, కానీ అది లైసెన్స్ లేదా అనుమతి ఉన్న స్టేషన్ల రేడియో సంకేతాల గురించి. ఒకడి డాష్‌బోర్డు మీద డిటెక్టర్ స్టేషన్ కాదు. కాబట్టి అది అరవడం వల్ల మీరు 333 తప్పినట్టు కాదు.

కానీ చట్టం మొదట అడిగేది అవతల ఏం మోగింది అని కాదు, మీ దగ్గర్నుంచి ఏం బయల్దేరింది అని. సెక్షన్ 301 ప్రకారం లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిట్ చెయ్యకూడదు. దానికి మినహాయింపు ఎఫ్‌సీసీ (అమెరికాలో రేడియో ప్రసారాల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నియమాల్లో పార్ట్ 15. మీ వైఫై, గ్యారేజీ రిమోట్ అన్నీ అందులోనే బతుకుతున్నాయి. మీ మాడ్యూల్ పార్ట్ 15లో ఇముడుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

నిద్రలేని_నాన్న
అప్పారావు గారూ, ఇముడుతుందా మరి?

సోల్డరింగ్_సుబ్బు
నేను మూడేళ్ల కింద ఈ ప్రయోగం చేశాను, గ్యారేజీ లోపల, డిటెక్టర్ టేబుల్ చివర పెట్టుకుని. హెచ్‌బీ100 అని 10.525 గిగాహెర్ట్జ్ మాడ్యూల్. డిటెక్టర్ ఉలకలేదు పలకలేదు. గంటసేపు వైరింగ్ అంతా విప్పి చూశా. చివరికి తేలింది ఏంటంటే డిటెక్టర్‌లో ఎక్స్ బ్యాండే (ఈ 10.525 ఉండే బ్యాండ్) ఆఫ్ చేసి ఉంది! ఇప్పుడు పోలీసులు ఎక్స్ వాడటం బాగా తగ్గిపోయింది కాబట్టి చాలామంది దాన్ని ఆపేసుకుంటారు. ఎక్స్ మీద పెట్టిన ప్రయత్నం సగం వృథా అనుకోండి.

తర్వాత సీడీఎం324 తెచ్చా, 24.125. అది మోగించింది. అంతటితో ఆపేశా, బయటికి తీసుకెళ్లలేదు.

లా_పాయింట్
అప్పారావు గారు చెప్పినదాన్ని కాస్త విప్పి చెప్తాను. రేడియో పరికరాల సర్టిఫికేషన్ పని చేస్తాను, రోజూ ఈ పేజీల్లోనే తల పెట్టుకుని ఉంటాను.

పోలీసు రాడార్లు మూడు చోట్ల ఉంటాయి. ఎక్స్ 10.525, కె 24.150 చుట్టుపక్కల, కేఏ 33.4 నుంచి 36.0 దాకా. ఈ మూడింటికీ పార్ట్ 15 ఒకేలా లేదు. తిరకాసు అక్కడుంది.

10.500–10.550లో నియమం 15.245. మూడు మీటర్ల దూరంలో సిగ్నల్ బలం మీటరుకి 2500 మిల్లీవోల్టుల దాకా ఒప్పుకుంటుంది, చాలా ఉదారం. కానీ అది "ఫీల్డ్ డిస్టర్బెన్స్ సెన్సర్" కోసం మాత్రమే, అంటే ఏదైనా కదిలితే పసిగట్టే పరికరం. తలుపు తెరిచే సెన్సర్ అలాంటిదే. మీ కంచె మీది పెట్టె దేన్నీ పసిగట్టదు, ఊరికే అరుస్తుంది. అది సెన్సర్ కాదు. కాబట్టి ఆ ఉదారం దానికి వర్తించదు, మామూలు పరిమితి 500 మైక్రోవోల్టులకి పడిపోతుంది. ఐదు వేల రెట్లు తక్కువ.

కేఏ బ్యాండ్‌లోనూ అదే 500 మైక్రోవోల్టులు. అక్కడ లైసెన్స్ లేకుండా రోడ్డు దాకా వినపడేలా పంపడం అంటే నిబంధన తప్పడమే, సందేహం లేదు.

24.0–24.25 దగ్గర మాత్రం 15.249 ఉంది. మీటరుకి 250 మిల్లీవోల్టులు, మూడు మీటర్ల దూరంలో. లెక్కేస్తే దాదాపు 19 మిల్లీవాట్ల వికిరణ శక్తి. ఈ నియమం పరికరం ఎందుకు అని అడగదు. కాగితం మీద చూస్తే నాన్న గారి ఆలోచనకి దారి ఉన్నది ఇక్కడొక్కచోటే.

తిక్కశంకర్
చూశారా! దారి ఉంది. నేను చెప్పలా?

లా_పాయింట్
శంకర్, మొత్తం చదవండి. పార్ట్ 15లో పెద్ద షరతు 15.5. హానికరమైన అంతరాయం కలిగించకూడదు, ఇతరుల నుంచి వచ్చేది భరించాలి. ఎఫ్‌సీసీ మనిషి ఆపమంటే ఆపాలి. డిటెక్టర్ అరవడం హానికరమైన అంతరాయం కిందకి రాదు, ఎందుకంటే ఆ నిర్వచనం రేడియో సేవల గురించి. కానీ ఆ రోడ్డు మీద పోలీసు కె బ్యాండ్ గన్ పట్టుకుని నిలబడితే అది లైసెన్స్ కింద నడిచే రాడార్. మీ నిరంతర సిగ్నల్ దాని రీడింగ్ పాడు చేసిందా, అయిపోయింది. మీ రోడ్డు మీద వేగం ఆపడానికి వచ్చిన ఒక్క మనిషికీ మీరే అడ్డుపడ్డట్టు.

ఇంకోటి, ఆన్‌లైన్‌లో దొరికే విడి మాడ్యూల్‌కి సొంతంగా సర్టిఫికేషన్ ఉండకపోవచ్చు. సొంత వాడకానికి, అమ్మకుండా, కిట్ నుంచి కాకుండా ఇంట్లో కట్టుకునే పరికరాలకి 15.23 ఐదింటి దాకా అనుమతిస్తుంది. కానీ పరిమితి దాటకుండా చూసే బాధ్యత కట్టినవాడిదే. 24 గిగాహెర్ట్జ్‌లో క్షేత్ర బలం కొలిచే సరంజామా ఇంట్లో ఎవరికుంటుంది?

నిద్రలేని_నాన్న
నాకైతే మల్టీమీటర్ ఒక్కటే ఉంది. 😔

హైవే_హనుమంతు
ట్రక్కు తోలేవాడిగా ఒక మాట. 10,000 పౌండ్లు దాటిన కమర్షియల్ బండిలో డిటెక్టర్ పెట్టుకోవడమే ఫెడరల్ నిబంధనల ప్రకారం నిషేధం. మీ వీధిలో డెలివరీ ట్రక్కు దూసుకొస్తే మీ పెట్టె దానికి వినపడనే వినపడదు. మిగతా కార్లలో కూడా డిటెక్టర్ ఎందరికుంది? అది కొనుక్కునేవాడు చాలావరకు హైవే కోసం కొనుక్కుంటాడు.

వర్జీనియా_వదిన
మా రాష్ట్రంలో ప్రైవేటు కార్లలో కూడా డిటెక్టర్ నిషేధం. వాషింగ్టన్ డీసీలోనూ అంతే. మా మరిది వేరే రాష్ట్రం నుంచి వస్తూ దాన్ని తియ్యడం మర్చిపోయి దొరికిపోయాడు. ఆఫీసర్‌కి కనపడకుండా సీటు కింద పెట్టాడు కూడా. అయినా ఎలా తెలిసిందో ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాడు.

ఆంటెన్నా_అప్పారావు
ఆశ్చర్యం ఏం లేదమ్మా. డిటెక్టర్ కూడా కొద్దిగా కారుతుంది. లోపల సొంత ఆసిలేటర్ ఉంటుంది, వచ్చిన సిగ్నల్‌ని దానితో కలిపి కింది ఫ్రీక్వెన్సీకి దించుకుంటుంది. ఆ ఆసిలేటర్ సిగ్నల్ కొద్దిగా ఆంటెన్నా నుంచి బయటికి పోతుంది. పాత డిటెక్టర్లలో అది 11.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఉండేది, పోలీసుల దగ్గర దాన్ని వినే పరికరం ఉంటుంది. డిటెక్టర్‌ని కనిపెట్టే డిటెక్టర్ అన్నమాట.

ఈ కారడం వల్లే 2002లో పెద్ద గొడవ అయ్యింది. 11.7 నుంచి 12.2 మధ్య చిన్న డిష్‌లతో నడిచే ఉపగ్రహ టెర్మినళ్లు ఉంటాయి. పక్క రోడ్డు మీద పోయే కార్ల డిటెక్టర్లు వాటిని చెడగొడుతున్నాయని ఫిర్యాదులొచ్చాయి. అప్పుడు ఎఫ్‌సీసీ డిటెక్టర్లకి కూడా ఆ బ్యాండ్‌లో పరిమితి పెట్టింది. కేవలం వినే పరికరం అనుకున్నదానికే పరిమితి పెట్టాల్సొచ్చిందంటే, కావాలని పంపే దాని సంగతి ఊహించుకోండి.

తిక్కశంకర్
సరే, హామ్ లైసెన్స్ (సరదాకి రేడియో నడిపేవాళ్లకి ఇచ్చేది) తీసుకుంటే? 24.05 నుంచి 24.25 హామ్ బ్యాండ్ కదా. బీకన్ అని, అంటే దానంతటదే సిగ్నల్ పంపుతుండే స్టేషన్ అని పెట్టుకోవచ్చు, మనిషి దగ్గరుండక్కర్లేదు. నేను నియమాలు చదివాకే మాట్లాడుతున్నా.

ఆంటెన్నా_అప్పారావు
చదివావు, మంచిదే. సగం నిజం కూడా. ఆ బ్యాండ్‌లో ఆటోమేటిక్ బీకన్‌కి అనుమతి ఉంది. డిటెక్టర్లు ఆ బ్యాండ్ మొత్తం వెతుకుతాయి కాబట్టి మోగుతాయి కూడా. నాకే జరిగింది. మైక్రోవేవ్ పోటీలప్పుడు గుట్ట మీద 24.192లో డిష్ తిప్పుతుంటే కింద రోడ్డు మీద వరసగా బ్రేక్ లైట్లు వెలిగాయి. మొదట అర్థం కాలేదు. 10.368లో పనిచేసినప్పుడు ఎప్పుడూ అలా జరగలేదు, అది డిటెక్టర్లు వెతికే ఎక్స్ బ్యాండ్‌కి బయట ఉంది మరి. అర్థమయ్యాక డిష్‌ని రోడ్డు మీదుగా తిప్పడం మానేశా.

కానీ తమ్ముడూ, బీకన్ ఉన్నది ప్రసారం ఎలా సాగుతోందో చూసుకోవడానికి, ప్రయోగాలకి. పది నిమిషాలకోసారి కాల్‌సైన్ చెప్పాలి. ఆ భాగంలో మనం సెకండరీ, ప్రైమరీ వాళ్లకి అడ్డు రాకూడదు. హామ్‌ల నియమాలైన పార్ట్ 97 ఇంకో అడుగు ముందుకెళ్లి, ఏ రేడియో సంభాషణకీ సంకేతానికీ కావాలని అంతరాయం కలిగించకూడదంటుంది. పొరుగువాళ్లని భయపెట్టి బ్రేక్ తొక్కించడానికి పెట్టిన పెట్టెకి నా కాల్‌సైన్ ఇవ్వను. కాల్‌సైన్ అంటే నా పేరు. పరీక్ష రాసి తెచ్చుకున్నది.

తిక్కశంకర్
అంత మాట అనకండి గురువు గారూ. దారి ఉందా అని అడిగా.

బ్రేక్‌లైట్
చట్టం సంగతి మీరు చూసుకోండి, నేను ఒకటి చెప్పాలి. రెండేళ్ల కింద వాన, హైవే. నా ముందు కారువాడు ఒక్కసారిగా బ్రేక్ వేశాడు. రోడ్డు ఖాళీ, ఏమీ లేదు. నేను ఆపగలిగాను. నా వెనకాల ఆయన ఆపలేకపోయాడు. మా ఆవిడ మెడకి ఆరు నెలలు చికిత్స. ముందువాడు దిగి చెప్పిన మొదటి మాట, "డిటెక్టర్ మోగింది" అని.

మోగించింది ఎవరో ఏదో తెలీదు. పక్క కారు బ్లైండ్ స్పాట్ రాడార్ అయ్యుండొచ్చు, అవి చాలా వరకు 24 గిగాహెర్ట్జ్ దగ్గరే కదా. నాన్న గారూ, మీ పిల్ల గురించి మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ పెట్టె వల్ల మీ ఇంటి ముందు ఎవడైనా హఠాత్తుగా బ్రేక్ తొక్కి వెనకాల వాడు గుద్దితే, ఆ కారు ఎటు తిరుగుతుందో మీ చేతిలో ఉండదు.

నిద్రలేని_నాన్న
ఇది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ ఆవిడ ఇప్పుడు ఎలా ఉన్నారు?

బ్రేక్‌లైట్
బాగానే ఉంది. చలికాలం నొప్పి వస్తుంది.

నిప్పులాంటి_నిజం
ప్రభుత్వమే ఈ పని చేసింది కదా? రోడ్డు పనులు జరిగే చోట మనిషి లేని రాడార్ పెట్టి డిటెక్టర్లని మోగించేవాళ్లు. వాళ్లకి తప్పు కానిది ఈయనకెందుకు తప్పు?

లా_పాయింట్
మంచి ప్రశ్న. నిజమే, దాన్ని డ్రోన్ రాడార్ అనేవాళ్లు. ఎగిరే డ్రోన్ కాదు, ఊరికే సిగ్నల్ పంపుతూ కూర్చునే పెట్టె. పరిశీలనల్లో సగటు వేగం కొద్దిగానే తగ్గింది, బాగా దూసుకొచ్చేవాళ్ల మీద ప్రభావం కాస్త ఎక్కువ. తేడా ఎక్కడంటే, వాళ్లు అనుమతి తీసుకుని చేశారు, ముందు హెచ్చరిక బోర్డులు, కోన్‌లు, లేన్ తగ్గింపు అన్నీ ఉండే చోట పెట్టారు.

సేఫ్టీ వార్నింగ్ సిస్టమ్ అని ఇంకోటి వచ్చింది, జార్జియా టెక్ పరిశోధనా సంస్థలో తయారైంది. కె బ్యాండ్‌లోనే, కానీ ఊరికే అరవకుండా డిటెక్టర్ తెర మీద "ముందు రోడ్డు పని" లాంటి మాట చూపించేది. 64 సందేశాలకి చోటుంది. నిజాయితీగల ఆలోచన. డ్రైవర్‌కి ఎందుకు తగ్గాలో చెప్తుంది. వాడకం పెద్దగా పెరగలేదు, నాకు ఇప్పటికీ బాధే.

సోల్డరింగ్_సుబ్బు
అసలు ఇంకో చిక్కు ఎవరూ చెప్పలేదు. ఇప్పటి మంచి డిటెక్టర్లలో జీపీఎస్ ఉంటుంది. ఒకే చోట ఒకే ఫ్రీక్వెన్సీ కొన్నిసార్లు కనపడితే అది తలుపు సెన్సర్ అనుకుని ఆ చోటుకి నోరు మూసుకుంటుంది. మీ వీధిలో రోజూ దూసుకెళ్లేది ఎవరు? అక్కడే ఉండేవాళ్లు. మహా అయితే వారం, తర్వాత వాళ్ల డిటెక్టర్ మీ పెట్టెని పట్టించుకోదు.

ఇంకా ఘోరం, అదే ఫ్రీక్వెన్సీలో నిజంగా పోలీసు వచ్చి నిలబడినా అది మోగకపోవచ్చు.

హైవే_హనుమంతు
అంటే స్పీడ్‌గా పోయేవాడు పోలీసుకి దొరకడానికి నాన్న గారి పెట్టె సాయపడుతుంది. చివరికి అలా పనికొస్తుంది 😄

నిప్పులాంటి_నిజం
హనుమంతు 😂 ఇంతకీ జామర్ సంగతేంటి? దాన్ని కూడా ఇలాగే "మేం ఏమీ పంపట్లేదు, ఊరికే ప్రతిఫలిస్తున్నాం" అని అమ్మేవాళ్లు.

లా_పాయింట్
అది తేలిపోయిన విషయం. పోలీసు రాడార్ తరంగాన్ని పట్టుకుని అందులో రొద కలిపి తిప్పి పంపే పరికరాన్ని 1997లో ఎఫ్‌సీసీ చట్టవిరుద్ధం అంది. తయారీదారు మాది నిష్క్రియ పరికరం అని వాదించాడు. 1998లో పదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు కూడా ఎఫ్‌సీసీ వైపే నిలిచింది. లేజర్ జామర్ (పోలీసు లేజర్ గన్‌కి అడ్డుపడేది) వేరే కథ. అది కాంతి కాబట్టి ఎఫ్‌సీసీ పరిధిలోకి రాదు, కానీ కొన్ని రాష్ట్రాలు విడిగా నిషేధించాయి.

ఆంటెన్నా_అప్పారావు
మొదట "ఎవడొచ్చి కొలుస్తాడు" అన్నదానికి వస్తానన్నాను. ఫ్లోరిడాలో టాంపా దగ్గర ఇంటర్‌స్టేట్ 4 మీద ఒకాయన తన కారులో సెల్‌ఫోన్ జామర్ పెట్టుకుని రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చేవాడు. ఎందుకయ్యా అంటే, చుట్టూ ఉన్నవాళ్లు డ్రైవ్ చేస్తూ ఫోన్ మాట్లాడకూడదని. ఉద్దేశం ఎంత చక్కగా ఉందో చూడండి. రోజూ పొద్దున సాయంత్రం అదే రోడ్డు మీద టవర్ దెబ్బతింటోందని ఫోన్ కంపెనీ ఫిర్యాదు చేసింది. ఎఫ్‌సీసీ వాళ్లు వచ్చి దిశ పట్టుకుని కారుని కనిపెట్టారు. ఆపడానికి వెళ్లిన షెరిఫ్ డిప్యూటీల వైర్‌లెస్ సెట్లే ఆ కారు దగ్గరకొచ్చేసరికి పోయాయి. 2014లో 48,000 డాలర్ల జరిమానా ప్రతిపాదించారు, 2016లో ఖరారు చేశారు.

జామర్, నాన్న గారి పెట్టె ఒకటి కాదు, నేను ఒప్పుకుంటా. కానీ కొలిచేవాళ్లు లేరన్నది మాత్రం నిజం కాదు. రోజూ ఒకే చోట ఉండే సిగ్నల్‌ని పట్టుకోవడం అన్నిటికన్నా తేలిక.

తిక్కశంకర్
48,000. సరే, నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నా. నాన్న గారూ, నా మాట విని పెట్టలేదు కదా?

నిద్రలేని_నాన్న
లేదు శంకర్, ఆర్డర్ కూడా పెట్టలేదు. కానీ ఇప్పుడు ఏం చెయ్యాలి చెప్పండి. పోలీసులకి రెండుసార్లు ఫోన్ చేశాను. ఒకసారి వచ్చి అరగంట నిలబడి వెళ్లారు, ఆ అరగంట అందరూ బుద్ధిగా వెళ్లారు.

వర్జీనియా_వదిన
"మీ వేగం 41" అని వెలిగే బోర్డు అడగండి. మా వీధికి అలాగే తెప్పించుకున్నాం. పిటిషన్ మీద ఇరుగుపొరుగు సంతకాలు కావాలి. నేను పన్నెండు ఇళ్లు తిరిగా, తలుపు తట్టిన ప్రతి ఇంట్లోనూ ఇదే బాధ చెప్పారు.

సోల్డరింగ్_సుబ్బు
వదిన గారు అన్నది విని నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ బోర్డులో ఉండేది కూడా రాడారే! చాలావరకు కె బ్యాండే. డిటెక్టర్ ఉన్నవాడికి మోగుతుంది, లేనివాడికి అంకె కనపడుతుంది. మీరు కోరుకున్నదే, అందులో ఇంకా ఎక్కువ.

లా_పాయింట్
సుబ్బు సరిగ్గా పట్టుకున్నాడు. అది నిజంగా కొలుస్తోంది, కాబట్టి సెన్సర్. సర్టిఫై అయిన పరికరం. దారిలో డిటెక్టర్ మోగితే అది పక్క ఫలితం. బేస్‌బాల్ వేగం కొలిచే గన్ కూడా అలాంటిదే. అందులో లైసెన్స్ అక్కర్లేని కె బ్యాండ్ రకం తెచ్చుకుని మీ వాకిట్లో నిలబడి కార్ల వేగం కొలిచి రాసుకోండి. ఏ రోజు, ఏ గంటకి, ఎంత. టికెట్ రాయడానికి పనికిరాదు కానీ పిటిషన్‌కి జత చేస్తే బరువుంటుంది. గన్ మాత్రం దాచకండి, కనపడేలా పట్టుకోండి.

హైవే_హనుమంతు
కౌంటీ వాళ్లు మొదట రోడ్డుకి అడ్డంగా నల్ల రబ్బరు ట్యూబులు వేసి లెక్క తీస్తారు. ఎప్పుడు వేస్తున్నారో చూసుకోండి, స్కూలు సెలవుల్లో వెయ్యనివ్వకండి. 85వ పర్సెంటైల్ వేగం చూస్తారు, అంటే నూటికి 85 బళ్లు ఏ వేగం లోపల పోతున్నాయో అది. దాన్ని బట్టే ఏం చెయ్యాలో తేలుస్తారు.

నిద్రలేని_నాన్న
(ఏడు వారాల తర్వాత) చెప్పాలని వచ్చాను. వాకిట్లో గన్‌తో పది రోజులు కూర్చున్నా. పద్నాలుగు సంతకాలు. ట్యూబులు స్కూలు నడుస్తున్న వారమే వేశారు. 85వ పర్సెంటైల్ 43 వచ్చింది. నిన్న స్తంభానికి బోర్డు బిగించారు. నేను గన్ పట్టుకుని కూర్చున్న రోజుల్లో కూడా చాలామంది తగ్గించారు, ఇద్దరు ఆగి మాట్లాడారు. ఒకాయన మెయిల్ బాక్స్ గుద్దింది తనేనని ఒప్పుకున్నాడు, కొత్తది తెచ్చి పెట్టాడు.

బ్రేక్‌లైట్
చాలా సంతోషం అండీ.

ఆంటెన్నా_అప్పారావు
బోర్డు ముందు చెట్టు కొమ్మలు పెరిగితే కొట్టించండి. ఆకు తడిగా ఉంటే 24 గిగాహెర్ట్జ్ బాగా తగ్గిపోతుంది, రీడింగ్ ఆలస్యంగా వస్తుంది.

సోల్డరింగ్_సుబ్బు
మీ ఫ్రెండ్ డిటెక్టర్ ఒకసారి అడిగి తెచ్చుకోండి. బోర్డు ఎన్ని గజాల నుంచి మోగుతోందో కొలిచి ఇక్కడ రాయండి, తెలుసుకోవాలని ఉంది.